సదయ్య కంప్యూటర్ మూగబోయిన సమ్మె రోజులు

సదయ్య పింఛను తీసుకోవడానికి పోయినప్పుడల్లా బ్యాంకు ప్యూను అతని బొటనవేలు పట్టుకుని సిరా దిండుకు అద్దేవాడు. సదయ్య వేలిముద్రగాడు కాదు. ఏడో తరగతి దాకా చదివాడు. బొగ్గు బాయిలో చేరిన నాటి నుంచి ఎక్కడ రాయాల్సి వచ్చినా తన పేరు తానే రాసుకున్నాడు. పేరు చివర ఒక తోక గీసి, దాన్ని వెనక్కి తిప్పి, కింద చుక్క పెట్టేవాడు. "సంతకమా, బర్రె తోకనా?" అని పెళ్ళాం లింగవ్వ నవ్వేది. కళ్ళు పోయిన తరువాత కూడా తోకతో సహా ఆ సంతకం చెయ్యగలిగేవాడు. చేతికి అలవాటైన పనికి కన్ను అక్కర లేదు. కానీ కౌంటర్ వెనక మనిషి ఒప్పుకోలేదు. "చూపు లేనోళ్ళ సంతకం నడవదు పెద్దమనిషీ. వేలు పెట్టు. ఎవరినన్న సాక్షిని తోలుకరా" అన్నాడు.

అది ఏ రూలో సదయ్య అడగలేదు. తన డబ్బు తనకు రావాలంటే ఎవరో ఒకరు పక్కన నిలబడి, "ఈయన ఈయనే" అని చెప్పాలి. సాక్షి దొరకని రోజు బ్యాంకు మెట్ల మీద కూర్చుని, చెప్పుల చప్పుడు వినపడ్డప్పుడల్లా "బాపూ, ఒక్క సంతకం" అని అడిగేవాడు. అడుక్కునేవాడనుకుని ఒకామె అతని అరచేతిలో రూపాయి బిళ్ళ పెట్టి పోయింది. ఆ సంగతి లింగవ్వకు కూడా చెప్పలేదు.

సదయ్య గోదావరిఖని భూగర్భ గనిలో టింబర్‌మన్‌గా పనిచేశాడు. బొగ్గు తవ్విన చోట కప్పు కూలకుండా కర్ర దుంగలు నిలబెట్టడం అతని పని. ఒకనాటి నుంచి టోపీ మీద దీపం వెలుగు తగ్గుతున్నట్టు అనిపించింది. గనిలోకి దిగేవాళ్ళకు దీపాలిచ్చే లాంపు రూములోని బిక్షంతో రోజూ లొల్లి పెట్టుకునేవాడు. "ఏంది బిక్షం, నాకే సచ్చిన బ్యాటరీ ఇస్తవు?" బిక్షం దీపం మార్చి ఇచ్చేవాడు. మరునాడు మళ్ళీ అదే మాట. చివరికి విసుగొచ్చి, "సదన్నా, ఇది కొత్త దీపం, సూర్యునికి తమ్ముడు. ఇది గుడ్డిదంటే నీ కండ్లే సూపిచ్చుకో" అన్నాడు. బిక్షం ఎగతాళికే అన్నాడు గాని నిజం అదే. నీటికాసులు, చూపును మెల్లమెల్లగా తినేసే కంటి జబ్బు. పగటి వెలుతురులో పనిచేసే మనిషైతే ముందే కనిపెట్టేవాడేమో. చీకట్లో పనిచేసేవాడు దీపాన్నే అనుమానించాడు. దవాఖానకు పోయేసరికి చేసేదేమీ మిగల్లేదు.

నాజియా అతనికి పరిచయమైంది ఆ బ్యాంకు మెట్ల మీదే. బ్యాంకు పైఅంతస్తులో ఆమె పిల్లలకు కంప్యూటర్ నేర్పేది. ఒకనాడు సాక్షిగా వచ్చి, అతని వేలికి సిరా అద్దడం చూసి, బయటికొచ్చాక అడిగింది.

"కాకా, నీకు చదువు రాదా?"

"వచ్చు బిడ్డా. చదువు పోలే, కండ్లు పోయినయి."

"మరి ముద్ర ఎందుకేసినవ్?"

సదయ్య సిరా అంటిన వేలిని పంచెకు తుడుచుకున్నాడు. నాజియా మాత్రం ఊరుకోలేదు. "పైకి రా. చదివి వినిపించే కంప్యూటర్ ఉంటది, చూపిస్త" అంది.

అట్లా మొదలైంది. పాత కంప్యూటర్ ఒకటి కొన్నారు. తెర మీద ఉన్నదాన్ని గొంతుతో చదివే ఉచిత ప్రోగ్రాం ఒకటి నాజియా అందులో వేసింది. మొదట అది ఇంగ్లీషు మాత్రమే చదివేది. తెలుగు అక్షరాలను గుర్తించే ఫైళ్ళు, తెలుగు పలికే గొంతు, వాటికి ఎప్పటికప్పుడు వచ్చే సవరణలు ఒక్కొక్కటిగా తెచ్చి ఏళ్ళ తరబడి కలుపుతూ వచ్చింది. మొదటిసారి ఆ గొంతు తెలుగు చదివినప్పుడు సదయ్య చెవి ఆనించి విని, "ఇది మనిషి గొంతు కాదు బిడ్డా, రేకు డబ్బల గులకరాళ్ళేసి ఊపినట్టున్నది" అన్నాడు. అది 'గోదావరిఖని'ని ముక్కలు చేసి పలికేది. 'సమ్మక్క' అంటే నత్తి కొట్టేది. ఇద్దరూ కూర్చుని, తప్పు పలికిన ప్రతి మాటకూ సరైన పలుకు దానికి నేర్పారు. లింగవ్వ పేరును మాత్రం అది మొదటి రోజే సరిగా పలికింది. లింగవ్వ చాయ్ గిన్నెతో గుమ్మంలో నిలబడి, "దానికున్న తెలివి నీకు లేదు, నన్ను 'ఓయ్' అని పిలుస్తవు" అంది.

తరువాత లింగవ్వ జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. నాజియా పెళ్ళయి ఆదిలాబాద్ పోయింది. కొన్నాళ్ళు ఫోన్ చేసేది. ఆ తరువాత ఆ నంబరు పనిచేయలేదు. సదయ్య కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి, కాలనీ వెనక బస్తీలో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. గదిలో మంచం, పొయ్యి, కంప్యూటర్. పొద్దున్నే మీట నొక్కితే రేకు డబ్బా గొంతు ఇంటర్నెట్‌లోని పేపర్లు చదివేది. సదయ్య మధ్యలో దానితో గొడవపడేవాడు. "అగో, గట్లెట్ల?" అనేవాడు. అది పట్టించుకోకుండా తరువాతి వార్తకు పోయేది. రోజంతటిలో అతని ఇంట్లో వినపడే మాటలు చాలామటుకు అవే.

రెండు వేల పదకొండులో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బాయిలు ఆగిపోయాయి. షిఫ్టు సైరన్ ఆగిపోయింది. బొగ్గు పుట్టే ఊళ్ళో కూడా కరెంటు పోతూ వస్తూ ఉంది. ఒకనాడు బస్తీలో పిల్లలు తప్పెట కొడుతూ, ఆ సాయంత్రం చీకటిపడగానే అందరూ ఇళ్ళలో దీపాలు ఆర్పి నిరసన తెలపాలని చాటింపు వేశారు.

సదయ్య ఆలోచనలో పడ్డాడు. అతని గదిలో దీపం ఎప్పుడూ వెలగదు. సమ్మె కూడా అతనిది కాదు, డ్యూటీ లేని మనిషికి సమ్మె ఏముంటుంది? అయినా తన ఇల్లు కూడా లెక్కలో ఉండాలనిపించింది. వీధిలో ఈలలు మొదలయ్యాయి. కంప్యూటర్‌ను ఆపే ఆజ్ఞ ఇచ్చాడు. రేకు డబ్బా గొంతు ఆగింది. ఆగిందంటే మిషన్ నిద్రపోయిందని అతని లెక్క. గోడ తడుముకుంటూ పోయి ప్లగ్గు పీకేశాడు. గది నిజంగా చల్లబడినట్టు, తానూ దీపం ఆర్పినట్టు సంతోషపడ్డాడు.

అప్పుడు తెర మీద ఒక హెచ్చరిక ఉంది. కొత్త సవరణలు ఎక్కుతున్నాయి, కరెంటు తీయవద్దు అని ఆ హెచ్చరిక. దాన్ని చదవాల్సిన గొంతు, ఆపమన్న ఆజ్ఞతో అన్నింటికంటే ముందే మూసుకుపోయింది. చూపున్నవాళ్ళు చదివి చెయ్యి వెనక్కి తీసుకునే మాట, చూపు లేనివాడికి అందనేలేదు. అట్లా తయారుచేసినవాళ్ళు ఎక్కడో ఉన్నారు. ప్లగ్గు మీద చెయ్యి మాత్రం సదయ్యది.

మరునాడు మీట నొక్కాడు. లోపల ఫ్యాను తిరిగింది. గొంతు రాలేదు. ఆపి మళ్ళీ నొక్కాడు. ఫ్యాను తిరిగింది, అంతే. పక్కింటి సారవ్వను పిలిచి తెర చూడమన్నాడు. సారవ్వ పత్తి ఏరడానికి ఊరికి పోయే హడావిడిలో ఉంది. సమ్మె రోజుల్లో ఇంటికి బాయి జీతం రాదు, చేను పిలుస్తోంది.

"ఏమున్నదక్కా తెర మీద?"

"నీలం చీర తీర్గ ఉన్నది. మీద తెల్లటి రాతలు. ఇంగిలీసుల ఉన్నట్టున్నయి. నాకు తెలుగే రాదు, ఇంగిలీసు చదివిపిచ్చుకుంటున్నడు సూడు" అంది సారవ్వ. పోతూ పోతూ, "ఖైజర్‌ను పిలుస్త. నేను అచ్చేదాక ఆకలికి పండుకోకు, పెసర్లు డబ్బల ఉన్నయి" అని చెప్పి పోయింది.

ఖైజర్‌కు చౌరస్తా దగ్గర కంప్యూటర్లూ సెల్‌ఫోన్లూ బాగుచేసే చిన్న షాపు ఉంది. మంచివాడే, కాకపోతే తొందర మనిషి. వచ్చి, తెర చూసి, "ఏం చేసినవ్ కాకా?" అన్నాడు.

"ఏం చెయ్యలే. దానంతట అదే ఆగింది" అన్నాడు సదయ్య.

గుడ్డివాడు దీపాలార్పే నిరసనలో చేరాడంటే ఖైజర్ నవ్వుతాడనుకున్నాడు. షాపులో నలుగురికీ చెబుతాడనుకున్నాడు. అందుకే ఆ అబద్ధం.

"కరెంటు దెబ్బ అయితది" అనుకున్నాడు ఖైజర్. నీలం తెర మీద పేరు పడ్డ ఫైళ్ళను చూసుకుని, తన సంచిలోని పాత సీడీ నుంచి అవే పేర్లున్న ఫైళ్ళు తీసి, పాడైన వాటి స్థానంలో పెట్టాడు. మిషన్ లేచింది. రేకు డబ్బా గొంతు లేచింది. సదయ్య మంచం మీది నుంచి దిగ్గున లేచాడు.

"పేపర్ తెరువు, పేపర్" అన్నాడు.

ఖైజర్ తెరిచాడు. గొంతు చదవడం మొదలుపెట్టింది. "క్వశ్చన్ మార్క్. క్వశ్చన్ మార్క్. క్వశ్చన్ మార్క్."

ఇద్దరూ కాసేపు విన్నారు. పేపరంతా ప్రశ్నలే. ఖైజర్ అటూ ఇటూ నొక్కి చూశాడు. ఎక్కడ తెలుగు అక్షరం ఉందో అక్కడల్లా అదే మాట. చివరికి కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఇగ ఇది గిట్ల కాదు కాకా. ఫార్మాట్ కొడదాం. మొత్తం కడిగేసి కొత్తగ ఎక్కిస్త. మంచిగ ఉరుకుతది."

"కడిగితే తెలుగు ఉంటదా?"

"అది మళ్ళ ఎక్కించుకోవాలె."

"ఎవరెక్కిస్తరు?"

"నాజియా మేడమ్ ఎక్కించింది కదా."

"ఆమె లేదు బిడ్డా. ఏ ముక్క ఎక్కడికెళ్ళి తెచ్చిందో ఆమెకే ఎరుక. నీకు తెలుసా?"

ఖైజర్‌కు తెలియదు. తెలుసని అబద్ధం చెప్పే మనిషి కాదు. "నువ్వే ఆలోచించుకో మరి" అని లేచిపోయాడు.

సదయ్య ఇంకో షాపు మనిషికి ఫోన్ చేశాడు. ఆ మనిషి ఇంటికి రాకుండానే, "ఫార్మాటే. అయినా నీకు కంప్యూటర్ ఎందుకు పెద్దాయనా? రేడియో కొనుక్కో" అన్నాడు. సదయ్యకు రేడియో ఉండేది, పాడైతే బాగుచేయించుకోలేదు. రేడియో తనకు తోచింది చెబుతుంది. ఆగమంటే ఆగదు, మళ్ళీ చెప్పమంటే చెప్పదు, తాను వెతికిన మాట వెతికి పెట్టదు. ఈ తేడా ఆ మనిషికి చెప్పాలనుకున్నాడు. అప్పటికే అతను ఫోన్ పెట్టేశాడు.

తరువాతి రోజులు పొడుగ్గా నడిచాయి. సదయ్య పొద్దున లేచి, అలవాటుగా మీట దాకా చెయ్యి తీసుకుపోయి, వెనక్కి తీసుకునేవాడు. పెసర్లు ఉడకబెట్టుకుని తినేవాడు. అరుగు మీద కూర్చుంటే దారిన పోయేవాళ్ళు "సదన్నా, తిన్నవా?" అనేవారు. "తిన్న" అనేలోపు వాళ్ళు మలుపు తిరిగేవారు. తిన్నావా అని అడగడం సులువు. ఊరు ఎటు పోతోందో కూర్చుని చెప్పేవాళ్ళు లేరు. సారవ్వ ఇంకా ఊరి నుంచి రాలేదు. సమ్మె శిబిరం దూరం. షేరింగ్ ఆటోలు సరిగా లేవు. ఒక మధ్యాహ్నం మాట కోసమని మిషన్ వేశాడు. "క్వశ్చన్ మార్క్" అంది. "నాకు గూడ గంతేనే" అని జవాబిచ్చి ఆపేశాడు. ఈసారి ప్లగ్గు ముట్టుకోలేదు.

ఒక పొద్దున షిఫ్టు సైరన్ కూసింది. ఆగిపోయిన సైరన్ మళ్ళీ కూయడంతో అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. సైకిళ్ళ చప్పుడు, మోటార్ సైకిళ్ళ చప్పుడు, టిఫిన్ డబ్బాల చప్పుడు అన్నీ బాయి దిక్కుకు పోతున్నాయి. సమ్మె అయిపోయినట్టే కదా. గెలిచారా, ఓడారా? తెలంగాణ ఇస్తామన్నారా? "ఏమైంది బాపూ?" అని ఒకరిద్దరిని అడిగాడు. "డ్యూటీకి టైమ్ అయితాంది సదన్నా, మల్ల జెప్త" అన్నారు. వాళ్ళకు నిజంగానే ఆలస్యమవుతోంది. ముప్పై ఏళ్ళు తానూ అట్లా ఉరికినవాడే.

ఆ సాయంత్రం ఖైజర్ వచ్చాడు. పోయినసారి మంచం కింద మరిచిపోయిన స్క్రూడ్రైవర్ కోసం. అది దొరికింది. పోబోతుంటే సదయ్య, "కూసో, చాయ్ పెడుత" అన్నాడు. ఆ గొంతులో ఏముందో గాని ఖైజర్ కూర్చున్నాడు.

పొయ్యి దగ్గర అటువైపు తిరిగి సదయ్య మెల్లగా చెప్పాడు. "నేను నీకు అబద్ధం చెప్పిన. అది దానంతట అది ఆగలే. దీపాలార్పేటి రోజు నేనే ప్లగ్గు పీకిన."

ఖైజర్ నవ్వలేదు. "ఎప్పుడు పీకినవ్? బంద్ చేసినంక ఎంతసేపటికి?"

"గొంతు ఆగంగనే."

"యా అల్లా. గదే మరి" అన్నాడు ఖైజర్. అప్‌డేట్లు సగం ఎక్కి సగం ఆగి ఉంటాయి. కొన్ని ఫైళ్ళు కొత్తవి, కొన్ని నలిగిపోయినవి. తాను కరెంటు దెబ్బే అనుకుని చేతికందినవి పెట్టాడు. అది అతను పైకే అనుకుంటుంటే సదయ్య వింటున్నాడు.

"నువ్వు పెట్టినవి ఎప్పటివి?"

"సీడీవి. ఈ విండోస్ మొదలచ్చినప్పటివి."

"నాజియా ఇన్నేండ్ల సంది ఎక్కించినయి మరి కొత్తవి కదా?"

ఖైజర్ స్క్రూడ్రైవర్‌ను వేళ్ళ మధ్య తిప్పాడు.

"నాకు కంప్యూటర్ సంగతి తెల్వది బిడ్డా. మా పని చెప్త. బాయిల కప్పు ఒక్కతీర్గ ఉండదు. బరువుకు రోజింత దిగుతది. ఇరిగిన దుంగ తీసి ఇంకోటి పెట్టేటప్పుడు, మొదలు పెట్టిన నాటి కొలత పట్టుకపోతే అది పట్టదు. ఇయ్యాల కప్పు ఏడున్నదో గాడికి కొలిసి కొయ్యాలె. ఇంకోటి. ఒక దుంగ ఇరిగిందని అన్ని దుంగలు పీకరు. పీకితే మనిషి మిగలడు."

"కాకా, ఇది బాయి కాదు" అన్నాడు ఖైజర్, కొంచెం చిరాగ్గానే. చాయ్ తాగాడు. గ్లాసు కింద పెట్టి, "పాత సీడీల కొత్త సర్వీస్ ప్యాక్ కలిపి ఇంకో సీడీ చేసుకోవచ్చంటరు. నేనెప్పుడు చెయ్యలే. ఫార్మాట్ కొడితే అరపూటల అయితది కదా అని" అన్నాడు. ఆ చివరి మాట తనకు తానే చెప్పుకున్నట్టు ఉంది.

"చెడిపోతే?" అన్నాడు సదయ్య.

"చెడిపోతే చెడిపోయిందని చెప్త. అయిందని అబద్ధం చెప్ప."

సర్వీస్ ప్యాక్ అంటే అప్పటిదాకా వచ్చిన సవరణలన్నీ మూటగట్టిన పెద్ద ఫైలు. కరెంటు పోయినప్పుడల్లా దిగుమతి మొదటికొచ్చేది. ఖైజర్ షాపులో తిట్టుకుంటూ మళ్ళీ మొదలుపెట్టేవాడు. పాత సీడీలోని ఫైళ్ళను డిస్కులోకి తీసుకుని, వాటితో సర్వీస్ ప్యాక్ కలిపి, కొత్త సీడీ మీద రాశాడు. మొదటి సీడీ పనిచేయలేదు. రెండోది చేసింది. దాన్ని పట్టుకుని, ఒక బ్యాటరీ పెట్టె కూడా మోసుకుని వచ్చాడు, మధ్యలో కరెంటు పోతే మళ్ళీ సగంలో ఆగకుండా. విండోస్‌లోనే ఒక ఆజ్ఞ ఉంటుంది. అది తన ఫైళ్ళన్నింటినీ ఒక్కొక్కటిగా తడిమి చూసి, చెడినవాటిని, కాలం తప్పినవాటిని మాత్రమే తీసి, సీడీలోని మంచివాటితో నింపుతుంది. బాగున్నవాటినీ, పైన ఎక్కించుకున్న ప్రోగ్రాములనూ ముట్టుకోదు. ఖైజర్ ఆ ఆజ్ఞ ఇచ్చాడు.

సదయ్యకు ఫ్యాను చప్పుడు, సీడీ గిరగిర తప్ప ఏమీ వినపడదు. "ఏడిదాక అచ్చింది?" అని అడిగేవాడు. "ఒక ఆకుపచ్చ గీత నడుస్తాంది కాకా. సగం దాటింది." కాసేపటికి మళ్ళీ, "ఇప్పుడు?" "నడుస్తాంది." ఖైజర్ ఆ రోజు తెర మీద పడ్డ ప్రతి మాటనూ పైకి చదివాడు. ఎవరూ చెప్పకుండానే. మిషన్ ఆగి మళ్ళీ లేచేటప్పుడు, "ఇప్పుడు తెర నల్లగయింది, భయపడకు. ఇప్పుడు గుర్తు అచ్చింది" అంటూనే ఉన్నాడు.

పేపర్ తెరిచాడు. రేకు డబ్బా కదిలింది.

తెలుగు. నత్తి లేదు, ప్రశ్నలు లేవు. మొదటి వార్తలోనే గోదావరిఖని పేరు వచ్చింది. ఇద్దరూ కూర్చుని నేర్పిన పలుకే. సదయ్య రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, తల వంచి విన్నాడు. ఖైజర్ నెట్ కలిపి మిగిలిన అప్‌డేట్లు కూడా పూర్తి చేశాడు.

సదయ్య వెనకటి తేదీలకు పోయి వెతికించుకున్నాడు. గొంతు చదివింది. బొగ్గు గనుల్లో సమ్మె విరమణ. కార్మికులు విధుల్లోకి. రాష్ట్రం మాట తేలలేదు.

"నీకు ఇప్పటిదాక తెల్వదా కాకా?" అన్నాడు ఖైజర్. "ఊరంత తెలుసు."

"సైరన్ విన్న. ఎందుకు కూసిందో ఎవ్వరు చెప్పలే."

ఖైజర్ బ్యాటరీ పెట్టె సర్దుతున్నవాడు ఆగిపోయాడు. రోజూ ఇదే వీధిలో నుంచి షాపుకు పోతాడు. షాపు తెరవాలని చెప్పి పోయాడు. సదయ్య తలుపు వేసుకోకుండా ఆ వార్తను మళ్ళీ మొదటి నుంచి చదివించుకున్నాడు.

సదయ్య గదిలో మిషన్ బాగుపడింది. అది చాలదు. ఊరందరూ కలిసి చేసిన సమ్మె ఎట్లా ముగిసిందో, ఆ సమ్మె కోసం తన గొంతునే ఆర్పుకున్న మనిషికి చెప్పడానికి ఒక్కరికీ తీరిక దొరకలేదు. ఇది ఏ ఒక్కరి తప్పూ కాదని తప్పించుకుంటే తప్పు అట్లాగే మిగులుతుంది.

కాబట్టి ఇది చదువుతున్న మీరు చెయ్యాల్సిన పనులున్నాయి. కంప్యూటర్లు బాగుచేసే చెయ్యి మీదైతే, ఫార్మాట్ అనే ముందు ఎదుటి మనిషిని అడగండి, దీంట్లో ఏముంది, ఇది పోతే నీకేం పోతుంది అని. కడిగెయ్యడం మీకు సులువు కావచ్చు, మళ్ళీ కట్టుకోవడం వాళ్ళకు కాకపోవచ్చు. ప్రోగ్రాములు రాసే ఉద్యోగం మీదైతే, తెర మీద పెట్టే హెచ్చరికను పలికి కూడా వినిపించండి. మీ ఊళ్ళో గ్రంథాలయం ఉంటే పదిమంది కలిసి వెళ్ళి, తెలుగు చదివి వినిపించే కంప్యూటర్ ఒకటి, దాన్ని నేర్పే మనిషి ఒకరు కావాలని గట్టిగా అడగండి, ఇచ్చేదాకా అడగండి.

ఇవేవీ మీ చేతిలో లేవంటారా? మీ వాడలో తలుపు తెరిచి పెట్టుకుని, దారిన పోయే చప్పుళ్ళు వింటూ కూర్చునే మనిషి ఎవరో మీకు తెలిసే ఉంటుంది. ఈ రోజు పేపర్ తీసుకుని ఆ గడప ఎక్కండి. తిన్నావా అని అడిగి కదిలిపోకండి. కూర్చుని, మొదటి పేజీ నుంచి చదవండి.